ఉడుతా, గుల్లలేని నత్తా

ఈ రోజు మధ్యాహ్నం, చనిపోయిన మనిషి ఫోటో పక్కన నిలబడి, షామియానా నిండా ఉన్న జనం ముందు నేను అబద్ధం చెప్పాను. ఆ ఫోటో తీసింది కూడా నేనే. అబద్ధం ఆస్తి గురించీ కాదు, ఇంకే పెద్ద విషయం గురించీ కాదు. ఉడుత ఎవరు, సముద్రపు నత్త ఎవరు అన్న సంగతి గురించి. అందరూ కడుపుబ్బ నవ్వారు. ఒక్క మనిషి నవ్వలేదు. ఆమె నా భార్య. వడ్డిస్తున్న బగారా అన్నం బేసిన్ చేతిలో అలాగే పట్టుకొని, బంతి మధ్యలో ఆగిపోయింది.

ఆమె ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే ముందు ఆ ఫోటోలోని మనిషి గురించి చెప్పాలి.

మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్ళం. రక్తసంబంధం ఏమీ లేదు. పెళ్ళి సంబంధాలు కుదర్చడం ఆయన పని. సిద్దిపేటలో బస్టాండుకు దగ్గరగా నాకొక ఫోటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలవీ పిలగాండ్లవీ ఫోటోలు ప్రింటు వేయించుకోవడానికి ఆయన రోజు మార్చి రోజు వచ్చేవాడు. ఆయన అంగీకి రెండు జేబులుండాలి. దర్జీ మరిచిపోయి ఒకటే కుడితే వెనక్కి పంపించేవాడు. ఎడమ జేబులో ఆడపిల్లల ఫోటోలు, కుడి జేబులో మగపిల్లలవి. ఏ ఇద్దరికైనా కుదురుతుందేమో అనిపిస్తే ఆ రెండు ఫోటోలనూ ముఖానికి ముఖం ఆనించి ఒకే జేబులో పెట్టుకొని, పొద్దంతా మోపెడ్ మీద తిరిగేవాడు. సాయంత్రం నా కౌంటర్ మీద వాటిని తీసి పెట్టి, గంభీరంగా చూసి, "కొట్లాడలే" అని తీర్పు చెప్పేవాడు. కొన్నిసార్లు "ఉహూ, జేబుల గరం గరం అయితున్నది" అని మళ్ళీ విడదీసేవాడు.

ఫోన్లలో ఫోటోలు పంపుకునే రోజులు వచ్చాక కూడా ఆయన పద్ధతి మారలేదు.

"ఇంక ప్రింట్లు ఎందుకు కాకా, అందరు వాట్సాప్‌లనే చూసుకుంటున్నరు గదా?" అని అడిగితే, "మనుషులను జేబుల పెట్టుకొని తిరిగితేనే ఎరుకైతది. ఫోన్ల పెడితే ఫోన్‌కు ఎరుకైతది, నాకేం ఎరుకైతది?" అనేవాడు.

జాతకాల కంటే బస్టాండును ఎక్కువ నమ్మేవాడాయన. పెళ్ళికొడుకును ఇంట్లో చూస్తే ఏమీ తెలియదని ఆయన వాదన. ఇస్త్రీ అంగీ వేసుకొని కూర్చున్నవాడు ఎవడైనా బాగానే ఉంటాడు. అదే మనిషి బస్సు వచ్చేటప్పుడు ఏం చేస్తాడో చూడాలి. మా దగ్గర రద్దీ బస్సు రాగానే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరి సీటు ఆపుకోవడం మామూలే. కాకా అక్కడ ఆగేవాడు కాదు.

"దస్తీ అందరు ఏస్తరు. ఆ జాగల ఎవ్వలను కూసోబెట్టిండు? తనే కూసున్నడా, ఎనుక మూట పట్టుకొని వచ్చే ముసలమ్మను కూసోబెట్టిండా? గది చూడాలె."

అలా చూసి చూసి ఆయనకు మనుషులు జంతువుల్లా కనిపించడం మొదలైంది. అందులో నా తప్పు కొంత ఉంది. ప్రింట్లు తయారయ్యేదాకా ఆయనకు కాలక్షేపం కావాలని స్టూడియో టీవీలో జంతువుల ఛానల్ పెట్టేవాణ్ణి. తెలుగు మాటలతో వచ్చేది. ఆయన చాయ్ సాసర్లో పోసుకొని, ఊదుకుంటూ, కళ్ళార్పకుండా చూసేవాడు. ఆ తర్వాత ఎవరి ఫోటో తీసినా ఒక జంతువు పేరు వచ్చేది. బ్యాంకులో పనిచేసే ఒకాయన్ని "కొంగ. కదలడు, మెదలడు. గని చేప మాత్రం జారిపోదు" అన్నాడు. ఒక సంబంధం వద్దని చెప్పడానికి ఆ ఇంటికి వెళ్ళి, "మీది ముంగిస ఇల్లు, వాళ్ళది ముంగిస ఇల్లు. ఇద్దరు కలిస్తే గోడలన్ని బొక్కలు పడుతయి" అని వచ్చాడు. విచిత్రమేమిటంటే ఎవరికీ కోపం వచ్చేది కాదు. తిట్టడానికి అనడం లేదని, నిజంగానే చూసి అంటున్నాడని వినేవాళ్ళకు అర్థమైపోయేది.

ఒక మధ్యాహ్నం టీవీలో సముద్రపు అడుగు చూపిస్తున్నారు. రాయి మీద వేలెడంత జీవి ఒకటి పాకుతోంది. ఊదారంగు ఒళ్ళు, వీపు నిండా నారింజరంగు కుచ్చులు. కాకా సాసర్ కింద పెట్టేశాడు.

"ఏందిర గిది? పెండ్లిపిల్ల చీర లెక్కున్నది!"

గుల్ల లేని సముద్రపు నత్త అని టీవీలో చెప్పారు. ఆయన ఆ కార్యక్రమం మళ్ళీ ఎప్పుడు వస్తుందో కనుక్కొని, ఆ రోజు ప్రింట్ల పని లేకపోయినా వచ్చి కూర్చున్నాడు. అంతా అయిపోయాక మెల్లగా నా వైపు తిరిగాడు. చాలాసేపు అలాగే చూశాడు.

నాకప్పటికి పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చేవి, పోయేవి. నేను నిదానస్తుణ్ణి. చంటిపిల్లల ఫోటో తీయమంటే, నేను లైట్లు సర్దుకునేలోపు వాళ్ళు నిద్రపోయేవారు. బస్టాండులో రద్దీ తగ్గాక ఎక్కుదామని నిలబడితే బస్సులు వెళ్ళిపోతూనే ఉండేవి. కాకా కుడి జేబులో నా ఫోటో చాలాకాలంగా ఒంటరిగా పడి ఉంది. "నా జేబుల్నే ముసలోడివి అయితున్నవ్ రా" అని అప్పుడప్పుడు బెంగపడేవాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం, "దొరికినవ్" అన్నాడు.

మరుసటి వారమే నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకొని దుబ్బాక తీసుకెళ్ళాడు. ఆ ఇంటి ముందుగదిలో మగ్గం మీద సగం నేసిన తువ్వాల ఉంది. పిల్ల తండ్రి, ఒకరిద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. చాయ్, మిక్చర్ వచ్చాయి. పిల్ల తండ్రి అడగవలసిన మాట అడిగాడు.

"పిలగాడు ఎసొంటోడు?"

ఇంకే మధ్యవర్తయినా అక్కడ "బంగారం" అనేవాడు. కాకా సాసర్లోకి ఊదుకుంటూ, "సముద్రపు నత్త" అన్నాడు.

"ఏందీ?"

"గుల్ల సుత లేదు."

"ఏమయ్యా, నా బిడ్డకు నత్తను తోలుకొచ్చినవా?"

"మరి నీ బిడ్డ ఏందనుకున్నవ్? ఉడుత. బస్టాండ్ల చూసిన. బస్సు సక్కగ ఆగకముందే ఎక్కుతది, ముసలోళ్ళకు జాగ ఆపుతది, చిల్లర కోసం కండక్టర్‌తోని కొట్లాడుతది, దిగేటప్పుడు ఎవ్వలదో సంచి పట్టుకొని దిగుతది. గసొంటి ఉడుతకు ఇంకో ఉడుతను తెస్తే ఇద్దరు చెట్టు చుట్టు ఉరుకుడే. ఇగ ఇంట్ల దీపం ఎవ్వలు పెట్టాలె?"

ఒక పెద్దమనిషి అడ్డం వచ్చాడు. "ఉడుతంటే రాముడు వీపు నిమిరిన జీవి. నత్తకు ఏమున్నది?"

"రాముని ముచ్చట అందరికి ఎరుకే. రాముడు సముద్రం కాడికి వచ్చిన నాడు నత్త అడుగున్నే ఉన్నది. ఎవ్వలు పిలువలే, గందుకే రాలే."

పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాడు. కాకాకు ఊపు వచ్చింది. ఉడుత ఎత్తున, నత్త లోతున. ఉడుతకు చూపు పదును, నత్తకు కళ్ళు సరిగా కనబడవు, వాసన పట్టుకొని నడుస్తుంది. ఉడుత చిక్‌చిక్‌మని ఊరంతా లేపుతుంది, నత్త నోరు తెరవదు. పిల్లి వస్తే ఉడుత ఉరుకుతుంది, నత్త ఉరకలేదు కాబట్టి వీపు మీద ముళ్ళు పెట్టుకుంటుంది. ఇలా వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోతుంటే తలుపు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"కాకా, గుల్లనే లేదంటివి. మరి దానికి ముళ్ళు యాడికెళ్ళి వచ్చినయి?"

"గదీ! గది అడుగు బిడ్డా!" ఆయన మోకాలు చరుచుకున్నాడు. "సముద్రంల పువ్వు లెక్కుండే జీవి ఒకటి ఉంటది. ముట్టుకుంటే దురదగొండి లెక్క మంటపెడుతది. ఈ నత్త దాన్నే తింటది. దాని ముళ్ళను అరగనియ్యకుండ ఎత్తుకపోయి తన వీపు మీద నాటుకుంటది. కొన్నిట్లకు రంగు సుత తిన్నదానిదే."

"అంటే దొంగ."

"దొంగే. ఉడుత దొంగ కాదా? మీ నాయిన మగ్గం కాడి నూలు ఎవ్వలు గుంజుకపోతున్నరు? గని ఉడుత ఎత్తుకపోయింది గూట్లె పెడుతది, పిల్లలకు మెత్తగుండాలని. నత్త ఎత్తుకపోయింది తన వీపు మీద పెట్టుకుంటది. గంతే తేడా." అప్పుడు నా వైపు తిరిగి, నవ్వకుండా అన్నాడు. "నువ్వు గది యాది పెట్టుకో."

నేను తల ఊపాను. మిక్చర్ నములుతున్నాను కనక మాట రాలేదు.

"ఉరుకకపోతే పాయె గని, పిలిస్తే పలుకుతడా?" అంది తలుపు వెనక గొంతు.

అందరూ నా వైపు చూశారు. నేను మింగి, గొంతు సవరించుకొని, "పలుకుత" అనేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఇల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే మా సంబంధం ఖాయమైంది.

పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, నత్త అని తెలిసీ ఎలా ఒప్పుకున్నావని. ఆమె చెప్పిన జవాబు ఇప్పుడు రాస్తుంటే సూటిగా తగులుతోంది. "మా ఇంట్ల నన్ను ఆగం పిల్ల, ఆగం పిల్ల అనేటోళ్ళు. ఆగమాగం ఉరుకుతదని, ఆడపిల్లకు గింత తొందరేందని. నా గుణానికి మంచి పేరు పెట్టింది కాకా ఒక్కడే. నీ గురించి నిజం చెప్పిండు గనుక నా గురించి సుత నిజమే చెప్పిండనుకున్న."

ఆమె స్టూడియోకు వచ్చాక నా బతుకు మారిపోయింది. పాస్‌పోర్టు ఫోటోలు పది నిమిషాల్లో ఇవ్వడం, కప్పుల మీద బొమ్మలు వేయడం, ఫ్లెక్సీలు, పెళ్ళి ఆల్బములు, అన్నీ ఆమె తెచ్చిన పనులే. నేను లైటు సర్దుతుంటే ఆమె కౌంటర్ దగ్గర ముగ్గురితో మాట్లాడి, ఇద్దరిని కూర్చోబెట్టి, ఏడుస్తున్న పిల్లను నవ్వించేది. ఆశ్చర్యంగా ఆ ఏడే మా బోర్డు వెనక నిజమైన ఉడుత గూడు కట్టింది. అత్తగారింటి నుంచి వచ్చిన తువ్వాళ్ళను దండెం మీద ఆరేస్తే వాటి అంచుల నూలు మాయమయ్యేది. గూటిలోంచి ఎరుపు, పసుపు పోగులు వేలాడుతూ కనిపించేవి. కాకా వచ్చినప్పుడల్లా ముందు బోర్డు వైపు చూసి, తర్వాత లోపలికి చూసి, "రెండు ఉడుతలు క్షేమమేనా?" అని అడిగేవాడు. నన్ను అడిగేవాడు కాదు. నత్తకు ఏమవుతుంది!

పోయిన వానాకాలం దుకాణం మెట్ల మీద జారిపడి నా భార్య మోకాలు విరిగింది. ఆపరేషన్ అయింది. నడక వచ్చింది కానీ ఉరుకు రాలేదు. మెట్టు దిగడానికి గోడ పట్టుకోవాలి. చాలాసేపు నిలబడలేదు. పైకి నవ్వుతూనే ఉండేది గానీ, బస్టాండు వైపు వెళ్ళడం మానేసింది. కాకా చూడటానికి వచ్చాడు. చాయ్ తేవడానికి ఆమె మెల్లగా లేచింది. "ఇగ నేను సుత నత్తనే అయిన కాకా" అంది.

ఆయన సాసర్ కింద పెట్టాడు.

"ఎవ్వలన్నరు? ఉడుతకు కాలు విరిగితే నత్త అయితదా? ఉడుతే!"

అంతే అన్నాడు. ఆ రోజు ఆమె మూడు వీధుల అవతల ఉన్న కూరగాయల బండి దాకా నడిచి వెళ్ళి వచ్చింది. ఆమెకు ఆ మాట ఎంత అవసరమో నాకు తెలుసు. తెలిసీ ఈ రోజు ఆ పని చేశాను.

కాకా నిద్రలోనే పోయాడు. కొయ్యకు తగిలించిన అంగీలో, ఒకే జేబులో, ముఖానికి ముఖం ఆనించిన రెండు ఫోటోలు ఉన్నాయట. ఆయన భార్యను మేము చిన్నమ్మ అంటాం. "ఇంకా పొద్దు పూర్తి కాలే. ఉండనీ" అని ఆమె వాటిని విడదీయలేదు.

ఈ రోజు పదకొండో దినం. కాకా కుదిర్చిన జంటలన్నీ వచ్చాయి. ఏడుపు కంటే ముచ్చట్లే ఎక్కువ. ఎవరిని ఏ జంతువు అన్నాడో చెప్పుకుంటూ తింటున్నారు. మోకాలు నొప్పి ఉన్నా నా భార్య వినకుండా బేసిన్ పట్టుకొని వడ్డించడానికి దిగింది. ఎవరో నన్ను పిలిచారు. "ఫోటో అన్నా, నువ్వు రోజు చూసినోడివి, నువ్వు చెప్పు."

ముందు వరసలో నా ఈడు వాళ్ళు కూర్చున్నారు. వ్యాపారాలు బాగా నడుస్తున్నవాళ్ళు, చురుకైనవాళ్ళు. వాళ్ళ ముఖాలు చూస్తూ మొదలుపెట్టాను. దుబ్బాక, మగ్గం, చాయ్, అన్నీ సరిగానే చెప్పాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక మడత పడింది. "పిలగాడు ఉడుత, పిల్ల సముద్రపు నత్త అన్నడు" అనేశాను.

నవ్వులు పేలాయి. ఆ నవ్వు బాగుంది. ఆగిపోలేదు నేను. నత్త ఎలా పాకుతుందో చేయి పెట్టి చూపించాను కూడా. అందరి కళ్ళూ, బేసిన్ పట్టుకొని మెల్లగా నడుస్తున్న నా భార్య వైపు తిరిగాయి. కాకా వాళ్ళ అన్నగారి కొడుకొకడు, నోటి దురుసు పిలగాడు, విస్తరి ముందు నుంచి కేకేశాడు. "ఓ నత్త వదినా, జర జల్ది రా, అన్నం సల్లగైతుంది!"

ఆమె ఆగింది. తర్వాత మళ్ళీ నడిచి, అతని విస్తరిలో అన్నం వడ్డించి, బేసిన్ పక్కవాళ్ళకు ఇచ్చేసి వెళ్ళి కూర్చుంది.

ఇంటికి బండి మీద వస్తుంటే నా భుజం పట్టుకోలేదు. దుకాణం తెరిచాక పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ కూర్చుంది. నేను స్టవ్ వెలిగించి, చాయ్ పెట్టనా అని అడిగాను.

"ఉడుతవు గదా, ఉరుకు. అడుగుడెందుకు?"

ఇంకో ఫోటో కత్తిరించింది. తర్వాత తనే అంది. "నాకున్నది ఒక్క పేరు. ఇచ్చినాయన పోయి పదకొండు దినాలు కాలే, ఎత్తుకపోయి నీ వీపు మీద పెట్టుకుంటివి. ఎట్లున్నది? మంచిగ మెరుస్తున్నదా?"

ఆ రోజు మిక్చర్ నములుతూ తల ఊపి ఊరుకున్న మాట ఇన్నేళ్ళకు వచ్చి నా ముందు నిలబడింది. స్టవ్ కట్టేసి బయలుదేరాను.

నేను వెళ్ళేసరికి షామియానా విప్పుతున్నారు. టెంటు మనిషిని బతిమాలి ఆపాను. సగం గుడ్డ దించేసి ఉంది. చుట్టాలు కొందరు కుర్చీల్లో, కొందరు అరుగు మీద ఉన్నారు. ముందు వరసలోని చురుకైనవాళ్ళలో ఒకరిద్దరు కారు ఎక్కబోతున్నారు. వాళ్ళను కూడా పిలిచాను.

"మధ్యాహ్నం నేను తారుమారు చెప్పిన. కాకా నత్త అన్నది నన్ను. ఉడుత అన్నది నా భార్యను. నత్తనని చెప్పుకోనీకి మీ ముందట సిగ్గైంది. గందుకే ఆమె పేరు ఎత్తుకున్న. కాకా అబద్ధం చెప్పి ఒక్క సంబంధం సుత కుదుర్చలే. ఆయన ఫోటో పక్కన నిలబడి ఆయన మాటనే నేను అబద్ధం చేసిన."

తర్వాత మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. దొంగతనం తేడా కూడా చెప్పాను. మోకాలు విరిగిన రోజు మాట కూడా చెప్పాను. ఎక్కడా చేతులతో అభినయించలేదు. కేకేసిన పిలగాడు ఫోన్ పట్టుకొని వీడియో తీస్తూ ఉన్నవాడు, చివరికి వచ్చేసరికి తల దించుకొని, "వదినకు నా తప్పైందని చెప్పన్నా" అన్నాడు.

"నువ్వే వచ్చి చెప్పు" అన్నాను.

చిన్నమ్మ గడపలో కూర్చుని అంతా వింది. "నాకు మధ్యాహ్నమే ఎరుకే" అంది. "దుబ్బాక నుంచి వచ్చిన నాడే ఆయన ఇంట్ల అంత చెప్పి నవ్విండు."

"మరి అప్పుడే నలుగురి ముందట అనకపోయినవా చిన్నమ్మా?"

"నత్తవు గదా బిడ్డా. ఆలస్యమైనా వస్తవనుకున్న."

దుకాణానికి తిరిగి వచ్చేసరికి వీడియో నాకంటే ముందే చేరిపోయింది. నా భార్య కాలు స్టూలు మీద చాపుకొని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వింటోంది. నన్ను చూసి ఆపలేదు. మొత్తం అయ్యాక ఫోన్ పక్కన పెట్టింది.

"నత్త గురించే మస్తు చెప్పినవ్" అంది. "ఉడుత ముచ్చట జల్ది జల్ది తోలేసినవ్. ఏ ఉరుకులాట నీకు? మళ్ళ చెప్పు."

నేను కట్టేసిన స్టవ్ మళ్ళీ వెలిగించి, చాయ్ పెడుతూ, బస్టాండు నుంచి మొదలుపెట్టాను. ఆగని బస్సు, ముసలోళ్ళకు ఆపిన జాగ, కండక్టర్‌తో కొట్లాట, ఎవరిదో సంచి. నాకు చేతనైనంత నిదానంగా చెప్పాను. సాసర్‌తో సహా ఆమె చేతికిచ్చి, పోయిన వానాకాలం దాకా వచ్చాను.

"ఉడుతకు కాలు విరిగితే నత్త అయితదా?" అన్నాను, కాకా అన్నట్టే.

ఆమె చాయ్ సాసర్లో పోసుకొని, ఊదుకొని, ఒక గుక్క తాగింది.

"ఉడుతే!" అంది.